బోర్లించిన నాపబండ

నరసరావుపేటకు ఆ రోజుల్లో మొజాయిక్ జబ్బు పట్టుకుంది. చేతిలో నాలుగు డబ్బులాడిన ప్రతివాళ్లూ తాతల నాటి నాపరాళ్లు పెళ్లగించి పెరట్లోకి విసిరేయడం, నున్నటి మొజాయిక్ పోయించుకోవడం, దానిమీద జారి పడడం. పల్నాటి ఎండల్లో కాళ్లకింద చల్లగా ఉండే రాయిని కాదనుకుని నడుములు విరగ్గొట్టే నేలను కోరి తెచ్చుకోవడం ఏం తెలివో ఆ దేవుడికే తెలియాలి. ఎనభై అయిదు వేసవి సెలవుల్లో ఆ జబ్బు ఝాన్సీలక్ష్మి పనిచేసే ఆడపిల్లల బడికి కూడా అంటుకుంది.

బడి నడిచేది ఒక పాత ఇంట్లో. చిన్నకోటయ్య అనే తాపీమేస్త్రి వెనక గదిలో నేల పెళ్లగిస్తూ ఉన్నట్టుండి గడ్డపలుగు పక్కన పెట్టేశాడు. అప్పుడే లేపిన బండ అడుగువైపున ఏదో బొమ్మ ఉంది. అతను తలమీది తువ్వాలు తీసి బండమీద కప్పి, కూలీలను బయటికి పంపేశాడు. పని చూసుకోమని బడివాళ్లు కూర్చోబెట్టిన ఝాన్సీలక్ష్మి ఏమైందోనని వస్తే, ఆమెతో, "ఇది మేం ముట్టుకోం టీచరమ్మా. ఎట్టా ఉందో అట్టానే బోర్లించేద్దాం" అన్నాడు.

"ఎందుకు?"

"అది మాత్రం అడగబాకండి."

అడగవద్దంటే ఊరుకునే మనిషి కాదు ఝాన్సీలక్ష్మి. నలభై ఏళ్లది, డ్రాయింగ్ టీచరు. డ్రాయింగ్ పిరియడ్ అంటే లెక్కల టీచరు తన పోర్షను పూర్తి చేసుకోవడానికి ఉన్న పిరియడ్ అని ఆ బడిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మంచి బొమ్మను గుర్తుపట్టే కన్ను ఆమెకు ఉంది, ఆ కంటికి చేతినిండా పనే లేదు. తువ్వాలు తొలగించి చూసి, ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

కాలువ కట్ట. దాని మీద ఒక తుమ్మచెట్టు. కట్ట కింద నీళ్లు. అంతే. బోర్డులు రాసే ఎనామిల్ రంగులతో వేశాడు ఎవరో. నీడ కనపడని మిట్టమధ్యాహ్నం. మనిషి లేడు, గొడ్డు లేదు, ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. ముందున్న గడ్డిపరకలు చెట్లంత ఎత్తున లేచి ఉన్నాయి, వాటి వెనక కట్ట కొండలా ఉంది. నేలకు చెంప ఆనించి పడుకుని చూస్తే లోకం ఎలా కనిపిస్తుందో అలా ఉంది. ఇంత ఓపికగా చూసి వేసినవాడు పల్నాడులో ఎవడున్నాడు? ఉంటే అతని పేరు ఎవరికీ ఎందుకు తెలియదు? పేరు కనుక్కుని వారపత్రికకు వ్యాసం రాయాలని అక్కడికక్కడే అనుకుంది. బండను రిక్షాలో ఇంటికి తెచ్చి ముందుగదిలో బల్లమీద గోడకు ఆనించి పెట్టింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, ఆమె అత్తగారు సీతారావమ్మ. డెబ్భై దాటిన సీతారావమ్మ గడపలో నిలబడి బండను చూసింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"దాన్ని బోర్లించమ్మాయ్" అంది.

"బొమ్మను బోర్లిస్తే ఇంకేం చూస్తాం అత్తయ్యా?"

సీతారావమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ముందుగది వైపు రావడం మానేసింది. వీధిలోకి వెళ్లాలంటే పెరటి దారిన చుట్టు తిరిగి వెళ్లేది. ముసలితనంలో చాదస్తం సహజమేలే అని ఝాన్సీలక్ష్మి సర్దుకుంది.

ఇక్కడ ఆ ఇంటి సంగతి కొంత చెప్పాలి. ఝాన్సీలక్ష్మి భర్త అమరేశ్వరరావు పురుగుమందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగేవాడు. పన్నెండేళ్ల కిందట ఒక మే నెలలో మాచర్ల వెళ్లొస్తానని బయలుదేరి మళ్లీ రాలేదు. మాచర్లలో వెతికారు, గురజాలలో వెతికారు, కృష్ణ దాటి అవతల కూడా వెతికారు. కొన్నాళ్లకు ఎవరో ఒక మాట పుట్టించారు, ఏటి అవతల ఎవరినో పెట్టుకుని అక్కడే కాపురం ఉంటున్నాడని. లోకులు పలుగాకులు. కాకులకు మేత దొరికాక ఇక వెతికేవాళ్లు ఎవరు? అందరూ ఆ మాటనే నమ్మి చేతులు దులుపుకున్నారు. ఝాన్సీలక్ష్మి నుదుట బొట్టు అలాగే ఉంది, చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. పేరంటాలకు పిలవాలా మానాలా అని ఇరుగుపొరుగు తికమక పడేవాళ్లు. ఆమె తికమక అంతకంటే పెద్దది. ఆయన మంచివాడైతే చచ్చిపోయి ఉండాలి. బతికి ఉంటే మంచివాడు కాకుండా ఉండాలి. దేవుడి ముందు నిలబడితే ఏది కోరుకోవాలో తెలియక, పన్నెండేళ్లుగా ఆమె దణ్ణం పెట్టి ఊరికే వచ్చేస్తోంది.

ఆ బొమ్మ అందుకే ఆమెను పట్టుకుంది. ఎవరూ లేని చోటును అంతసేపు చూసినవాడు ఎవరికోసమో ఎదురుచూసి ఉంటాడని ఆమెకు తోచింది. ఎదురుచూడడం ఆమెకు బాగా వచ్చిన విద్య.

కాని బొమ్మతో ఒక ఇబ్బంది మొదలైంది. దాని ముందు నిలబడిన ప్రతిసారీ ఆమెకు వంగి తన కాళ్ల దగ్గర చూసుకోవాలనిపించేది. అక్కడ గచ్చు తప్ప ఏమీ ఉండేది కాదు. అయినా అడుగు తీసి అడుగు వేసేటప్పుడు దేన్నో దాటుతున్నట్టు కాలు కాస్త ఎత్తి వేసేది. పక్కింటి జైనాబ్ బీ పంచదారకు వచ్చి, బొమ్మ ముందు నిలబడి, తనకు తెలియకుండానే చెప్పులు విడిచేసింది. మొదటి మబ్బులు పట్టినరోజు గాలిలో తడికి రాయి చెమర్చింది. నాపరాయి చెమర్చడం వింత కాదు. కాని చెమట కాలువ నీళ్ల మీదే పట్టింది, తుమ్మచెట్టు మీద పట్టలేదు. తుడిచింది. సాయంత్రానికి మళ్లీ పట్టింది.

బోర్డులు రాసే ఆర్టిస్టులందరినీ అడిగింది. ఫోటో స్టూడియోల్లో వెనక తెరలు వేసేవాళ్లను అడిగింది. ఎవరికీ ఆ చెయ్యి తెలియదు. తిరిగి తిరిగి చివరికి చిన్నకోటయ్య దగ్గరికే వచ్చింది. అతను సున్నం కలుపుతూనే చెప్పాడు.

"ఇట్టాంటివి చానా ఉండాయమ్మా. గురజాల్లో చూశా, పిడుగురాళ్లలో చూశా. అన్నీ నేలలోనే ఉంటాయి, మొగం కిందికి. తాపీ పనోళ్లందరికీ తెలుసు. తగిలితే మళ్లీ బోర్లించి పైన పూసేస్తాం. కారంపూడిలో ఆరోగ్యమ్మని ఉంది. ఆమె బండ నేనే పరిచా. ఆమె చెబితే చెప్పుద్ది."

కారంపూడిలో ఆరోగ్యమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఒంటిగది ఇల్లు, నేలంతా అలుకు, మధ్యలో ఒక్కటే నాపబండ. ఆ బండ మీద చాప పరిచి ఉంది. ఝాన్సీలక్ష్మి వచ్చిన పని చెబితే ఆరోగ్యమ్మ బెదరలేదు, విసుక్కోలేదు. చాప తొలగించి బండను అరచేత్తో ఒకసారి నిమిరింది.

"దీని కింద నా పెద్దోడు ఉండాడు" అంది.

"ఇక్కడే పూడ్చారా?"

"మనిషిని పూడ్చింది మాచర్ల కాడ. రాళ్ల క్వారీ గుంటలో పడి పోయాడు. పోలీసోళ్లు వచ్చిందాకా రెండు రోజులు సైదులు కాపలా కూర్చున్నాడు. నేను పోయేసరికి పూడ్చేశారు. నా బిడ్డ పోయిన చోటు ఎట్టా ఉందయ్యా అని సైదుల్ని అడిగా. ఆయన నోటితో చెప్పలేకపోయాడు. నాలుగు రోజులకు ఈ బండ మోసుకొచ్చాడు."

"సైదులు ఎవరు?"

"తలారి. రొంపిచర్ల అవతల ఊళ్లో. శవం కాడ ఒంటరిగా కూర్చోమంటే మిగతా తలార్లు జ్వరాలొచ్చాయని పడుకునేవాళ్లు. అందుకని ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో శవం లేచినా స్టేషను నుంచి కబురు సైదులుకే పోయేది. కుక్కలు రాకుండా, గద్దలు వాలకుండా చూస్తా కూర్చోవాల. అదీ ఆయన పని."

ఝాన్సీలక్ష్మికి తన గదిలోని కాలువ కట్ట కళ్లముందు మెదిలింది.

"మరి బొమ్మలో ఎవరూ ఉండరేం?"

"ఎట్టా ఉంటారమ్మా? బొమ్మ ముందు నువ్వు నిలబడతావు చూడు, నా కొడుకు పడుండేది అక్కడ."

ఝాన్సీలక్ష్మి కూర్చున్నచోటే కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. ముందుగదిలో ఇన్నాళ్లూ తాను దేన్ని దాటుతూ తిరిగిందో ఇప్పుడు తెలిసింది. అత్తగారు గడపలోనే ఎందుకు ఆగిపోయిందో మాత్రం ఆమెకు ఇంకా తట్టలేదు.

"బోర్లించడం ఎందుకు?"

"సైదులు చెప్పాడు. పెద్దకర్మ దాకా చూసుకోండి, పదకొండో రోజు దాటితే బోర్లించండి అని. మాకు పెద్దకర్మ లేదు గదా, అయితే రెండో ఆదివారం దాకా అన్నాడు. అంతకు మించి చూస్తే కాళ్లు అటే పోతాయంట. గురజాల్లో ఒకాయన భార్య బండ బోర్లించకుండా ఏడాది పాటు చూస్తా కూర్చున్నాడు. ఒకరోజు ఇంట్లో లేడు. ఆమె పడిపోయిన బావి కాడే దొరికాడు. ఆయనకీ సైదులే కాపలా."

ఇంటికి వస్తూనే ఝాన్సీలక్ష్మి చేసిన మొదటి పని ముందుగదిలోని బండను బోర్లించడం. చదువుకున్నదానివి, నీకు ఈ భయం ఏమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఆ గదిలో పడుకోవలసింది నవ్వేవాళ్లు కాదు.

ఆ మర్నాడే వ్యాసానికి వివరాల కోసమని రొంపిచర్ల బస్సు ఎక్కింది. వ్యాసమని తనకు తాను చెప్పుకుంది. లోపల ఇంకొకటి కదులుతోందని ఆమెకూ తెలుసు.

సైదులు చూరు కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, వంగిపోయాడు. కంట్లో పువ్వు పడి ఒక కన్ను తెల్లబడింది. కరణాలూ మునసబులూ పోయాక తనను పిలిచేవాళ్లు కూడా లేరని, ఇప్పుడు గొర్రెలకు కాపలా ఉంటున్నానని చెప్పాడు. చిన్నతనంలో తిరునాళ్లకు ప్రభలు కట్టేవాళ్లతో తిరిగి రంగులు కలపడం నేర్చుకున్నాడట. పదిహేడో ఏట తండ్రి పోతే తలారి కర్ర చేతికొచ్చింది. మొదటిసారి కాపలా కూర్చున్నది ఒక బాలింత దగ్గర. వాగులో కొట్టుకొచ్చిన మనిషి. భయంతో శవం వైపు చూడలేక, అది ఎటు చూస్తోందో అటు చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా చూసేసరికి ఆ చోటు కంట్లో అచ్చుపడిపోయింది. గీసి వదిలించుకుంటే తప్ప నిద్రపట్టలేదు.

"అప్పటి నుంచి అదే అలవాటమ్మా. వాళ్ల మొగం ఎటుంటే నేను అటే చూస్తా. కిందికి వంగి, వాళ్ల కన్ను ఎంతెత్తున ఉందో అంతెత్తున చూస్తా. ఆఖరున వాళ్లు చూసింది అదేగదా. అది ఇంట్లోవాళ్లకు దక్కాల."

"బొమ్మ కింద పేరు ఎందుకు పెట్టుకోలేదు?"

"నాది కాదుగదమ్మా ఆ చూపు" అన్నాడు సైదులు. తర్వాత ఉన్న ఒక్క కన్నుతో ఆమె మొహంలోకి చూశాడు. చూపు నుదుటి బొట్టు దగ్గర ఆగింది. "పేటలో ఏ వీధి మీది?"

"బరంపేట. శివాలయం వెనక పెంకుటిల్లు."

సైదులు చేతిలోని చుట్ట కింద పెట్టాడు.

"సీతారావమ్మ గారు కులాసాగా ఉండారా?" అన్నాడు.

ఝాన్సీలక్ష్మి అత్తగారి పేరు చెప్పలేదు. తనకు అత్త ఉందని కూడా చెప్పలేదు. బండను చూసి సీతారావమ్మ గడపలో నిలబడిపోవడం, బోర్లించమనడం గుర్తొచ్చాయి. చిన్నకోటయ్య అన్న మాట ఝాన్సీలక్ష్మి ఇంట్లో చెప్పనే లేదు.

"ఎక్కడ?" అని మాత్రం అడగగలిగింది.

"నన్నడగబాక తల్లీ. మాటిచ్చా."

బస్సు ఆగే చోటు దాకా ఆమె వెంట నడిచి, రోడ్డు మీద నిలబడి, బస్సు కదిలాక చేతులు జోడించాడు.

ఇంటికి వచ్చేసరికి సంజె దీపం వేళయింది. సీతారావమ్మ వంటింటి గడపలో కూర్చుని చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఝాన్సీలక్ష్మి చెప్పులు విప్పకుండానే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎక్కడుంది అత్తయ్యా?"

ఏమిటని సీతారావమ్మ అడగలేదు. చేటను మెల్లగా పక్కన పెట్టింది. "నా మంచం కింద" అంది.

మంచం జరిపారు. గునపం తెచ్చింది ఝాన్సీలక్ష్మే. బండ అంచుల్లో సున్నం కొడుతుంటే వెనక గోడకు ఆనుకుని సీతారావమ్మ చెప్పుకుంటూ పోయింది, ఎవరూ అడగకుండానే. అమరేశ్వరరావు పోయిన అయిదారు నెలలకు సైదులు వచ్చాడు. ఝాన్సీలక్ష్మి బడికి వెళ్లిన వేళ. గుర్తు తెలియని శవమని పోలీసులు పూడ్చేస్తే, చొక్కా కాలరు మీద దర్జీ పేరు గుర్తుపెట్టుకుని పేటలో కొట్టు కొట్టూ వెతికి ఇల్లు పట్టుకున్నాడు. కొడుకు పోయింది వడదెబ్బకని చెప్పాడు. బస్సు దారిలో చెడిపోతే పొలాలకు అడ్డంపడి నడిచాడు. మధ్యాహ్నం ఎండ. చేతిసంచి ఎవరో తీసుకుపోయారు.

"బండ ఇక్కడ పెట్టించి, ఎవరికీ చెప్పబాకని సైదులు చేత ఒట్టేయించుకున్నా. నా మొగుడు పోయినప్పుడు నాకు ఇరవై మూడు. బావి కాడ కూర్చోబెట్టి గాజులు రాయితో కొట్టారు. ముక్క గుచ్చుకుని రక్తం కారతా ఉంటే, ఏడవవేమే అని గిల్లారు. ఆ బావి కాడికి నిన్ను తీసకపోవడం నా వల్ల కాలేదమ్మాయ్. బొట్టుతో ఉండనీ అనుకున్నా."

ఝాన్సీలక్ష్మి చెయ్యి ఆగింది. ఆమెకు కోపం వచ్చింది. పన్నెండేళ్ల కోపం ఒక్కసారే వచ్చి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "బొట్టు ఉంచి బతుకు తీశావు అత్తయ్యా" అంది. ఎప్పుడూ మీరు తప్ప నువ్వని అనని మనిషి. "వాకిట్లో చెప్పుల చప్పుడైన ప్రతిసారీ నేను లేచి చూశాను. నీకు తెలుసు. చూస్తూ పడుకున్నావు."

ఇద్దరూ చెరొక అంచు పట్టుకుని బండను లేపి గోడకు నిలబెట్టారు. కింద మట్టిలో చెదలు కూడా లేవు. రంగులు నిన్న వేసినట్టున్నాయి.

నల్లరేగడి చేను. నేలకు పగుళ్లు, ముందుకు వచ్చేకొద్దీ కాలువలంత వెడల్పు. ఎండిన పత్తిమోళ్లు. ఎండకు ఆకాశం తెల్లబడింది. పత్తిమోళ్ల సందులో నుంచి, చానా దూరాన, నీలంగా మూడు శిఖరాలు. కోటప్పకొండ. పేటలో ఏ డాబా ఎక్కినా కనిపించే కొండ. మాచర్ల నుంచి వచ్చేవాడికి ఆ మూడు శిఖరాలు కనిపించాయంటే ఇంటికి వచ్చేసినట్టే లెక్క.

వాళ్ల మొగం ఎటుంటే అటే, అన్నాడు సైదులు.

"ఇంటికి వస్తున్నాడు" అంది ఝాన్సీలక్ష్మి. "ఏటి అవతలికి పోలేదు. ఇంటికే వస్తున్నాడు."

"అవునమ్మాయ్."

"ఊరంతా లేచిపోయాడని అన్నప్పుడు నీకు తెలుసు. నేను నమ్మినప్పుడు తెలుసు."

"తెలుసు" అంది సీతారావమ్మ. "నా కొడుకు అట్టాంటోడు కాదని ఒక్కరితో అనలేకపోయా. అంటే ఎట్టా తెలుసని అడుగుతారుగదా." కొడుకు మీద పడిన నిందను పన్నెండేళ్లు నోరు మూసుకుని విన్న తల్లి, మొదటిసారి పైకి ఏడ్చింది.

ఝాన్సీలక్ష్మి ఏడవలేదు. బొమ్మ ముందు నేల వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు, పెళ్లగించిన సున్నం పెళ్లలు తప్ప. వాటిని చేత్తో ఒక పక్కకు ఊడ్చింది. అక్కడికి కొంచెం ఇవతలగా, నిద్రపోతున్న మనిషి పక్కన చోటు చేసుకున్నట్టు, ఒదిగి కూర్చుంది.

చీకటి పడుతోంది. సీతారావమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కోడలు ఆ మూడు శిఖరాల వైపు చూస్తున్న చూపు ఆమెకు భయం పుట్టించింది. బండ అంచు మీద చెయ్యి వేసింది.

"ఇక బోర్లిద్దాం పట్టమ్మాయ్. ఇంతసేపు చూడకూడదు. పదకొండు రోజులు ఎప్పుడో దాటిపోయాయి."

"మీకు దాటాయి అత్తయ్యా" అంది ఝాన్సీలక్ష్మి, బొమ్మ మీది నుంచి చూపు తిప్పకుండానే. "నాకు ఇవాళే మొదటి రోజు."